ఎక్కేటప్పుడు రాయని పేర్లు

మేరీ సెలెస్ట్ ఓడ కథ తెలియని తెలుగు పాఠకుడు అరుదు. ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పత్రికల్లో, ఇప్పుడు యూట్యూబులో దాన్ని ఎన్నిసార్లు వండి వడ్డించామో లెక్క లేదు. 1872 నవంబరు 7న 1,701 పీపాల ఆల్కహాలు వేసుకుని న్యూయార్క్ నుంచి ఇటలీలోని జెనోవాకు బయల్దేరిన ఓడ అది. నెల తిరక్కుండా అజోర్స్ దీవులకూ పోర్చుగల్‌కూ నడుమ సముద్రంలో ఇంకో ఓడవాళ్ల కంటబడింది. సరుకు ఉంది, తిండీ నీళ్లూ ఉన్నాయి, మనిషి జాడ లేదు. కెప్టెన్ బ్రిగ్స్, ఆయన భార్య, రెండేళ్ల కూతురు, ఏడుగురు సిబ్బంది, మొత్తం పదిమంది ఏమయ్యారో ఈనాటికీ తేలలేదు.

బల్ల మీద టీ కప్పులు ఇంకా పొగలు కక్కుతున్నాయని కూడా మనం రాశాం. అది కట్టుకథ. ఓడలో ఉండాల్సిన చిన్న పడవ లేదు. దారి లెక్కగట్టే సెక్స్టెంటు, క్రోనోమీటరు లేవు. ఒక పంపు విప్పి ఉంది, అడుగున మూడున్నర అడుగుల నీరు చేరింది. ఓడ మునిగిపోతుందనో, పీపాలు పేలతాయనో భయపడి పడవలోకి దిగి, మళ్లీ ఎక్కలేకపోయారని అనుకోవడానికి ఇవన్నీ ఆధారాలే. 1884లో కానన్ డాయల్ ఓడ పేరు కాస్త మార్చి ఒక కథ రాశాడు. జనం ఆ కథనే నిజమనుకున్నారు. మనం కూడా కథను దిగుమతి చేసుకుని ఆధారాలను రేవులోనే వదిలేశాం.

అయితే ఆ ఓడ గురించి మనం ఒక్కసారి కూడా రాయని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పదిమంది పేర్లూ ప్రపంచానికి తెలుసు. వంటవాడి పేరు తెలుసు, నలుగురు జర్మన్ నావికుల పేర్లు తెలుసు. లంగరు ఎత్తకముందే ఓడ ఎక్కేవాళ్ల పట్టీ ఒకటి కాగితం మీద ఉంది కాబట్టి తెలుసు. నూట యాభై ఏళ్ల కిందటి మాట ఇది.

ఇప్పుడు మన రేవుల సంగతి చూద్దాం. విశాఖ ఫిషింగ్ హార్బరులో గానీ, కాకినాడలో గానీ, నిజాంపట్నంలో గానీ ఈ రాత్రి వేటకు బయల్దేరుతున్న మరబోటు ముందు నిలబడండి. ఐసు ఎక్కిస్తారు, డీజిలు పోయిస్తారు, మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం, ఉల్లిపాయలు, గ్యాసు బండ ఎక్కుతాయి. యజమాని మనిషి నోటుబుక్కు పట్టుకుని ఒక్కోటీ రాస్తాడు. ఐసుకు ఇంత, కిరాణాకు ఇంత. మనుషుల పేర్లూ ఆ పుస్తకంలోనే ఉంటాయి, కానీ వేరే పేజీలో, అడ్వాన్సు తీసుకున్నవాళ్ల పద్దు కింద. బాకీదారుడిగా అతని పేరు భద్రంగా ఉంటుంది. ఈ రాత్రి ఈ బోటు ఎక్కినవాడిగా చాలా రేవుల్లో ఎక్కడా ఉండదు. ఆఖరి నిమిషంలో ఒకడికి జ్వరమొస్తే వాడి బదులు బావమరిది ఎక్కుతాడు. ఆ సంగతి బోటులోవాళ్లకూ ఇంట్లోవాళ్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ప్రభుత్వానికి డీజిలు లెక్క తెలుసు. లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఇచ్చేటప్పుడు లీటర్లు లెక్కపెట్టక తప్పదు కదా. మనుషుల లెక్కా ఒకసారి తీస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల భృతి ఇవ్వడానికి అధికారులు రేవుకొచ్చి, కట్టేసి ఉన్న బోట్ల మీద పనిచేసేవాళ్లెవరో రాసుకుంటారు. అంటే మత్స్యకారుడు సముద్రం మీదికి పోని రెండు నెలల్లో అతని పేరు మన దగ్గర ఉంటుంది, పోయే పది నెలల్లో ఉండదు. ఈ విడ్డూరాన్ని ఎత్తిచూపిన సంపాదకీయం మన పత్రికల్లో వెతికినా దొరకదు. భృతి పదివేలా ఇరవైవేలా అన్న దాని మీద మాత్రం పేజీలకు పేజీలు నింపాం.

మేరీ సెలెస్ట్ విషయంలో ఓడ దొరికింది, మనుషులు దొరకలేదు. మన తీరంలో ఎక్కువగా జరిగేది వేరు. బోటు వస్తుంది, ఒకడు తక్కువై వస్తుంది. "రేత్రి ఉన్నాడు, తెల్లారి లేడు" అంటారు మిగిలినవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చాలా బోట్లలో మరుగుదొడ్డి ఉండదు. అర్ధరాత్రి నిద్రలో లేచినవాడు చీకట్లో బోటు వెనక అంచు మీద, ఒక చేత్తో తాడు పట్టుకుని కూర్చోవాలి. కింద ఇంజను హోరు. పక్కనుంచి ఒక కెరటం తన్నితే చెయ్యి జారుతుంది. అరిచినా ఇంజను మోతలో వినబడదు. వల దించేటప్పుడు తాడు కాలికి చుట్టుకుని లాగేసుకోవడం ఇంకో దారి. లైఫ్ జాకెట్టు తొడుక్కుంటే వల లాగడం కుదరదని తలకింద దిండుగా పెట్టుకుంటారు. ఇందులో మిస్టరీ ఏముంది? వెనక అంచుకు నడుమెత్తు కమ్మీ, నాలుగు రేకులతో ఒక దొడ్డి, రాత్రి లేచేవాడు పక్కవాణ్ణి తట్టి చెప్పే అలవాటు ఉంటే ఎంతోమంది బతికేవాళ్లు. బోట్లకు రాయితీలిచ్చినప్పుడు దొడ్డి ఉండి తీరాలని షరతు పెట్టమని మనం ఒక్కసారి అడగలేదు. అడగడానికి మనకు సిగ్గేసింది కాబోలు.

ఆ తర్వాత పోయినవాడి భార్య ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలవుతుంది. "శవం దొరికిందామ్మా?" "నేదు బాబూ." "పోస్టుమార్టం కాగితం లేకపోతే ఎలాగమ్మా మరి?" ఆ ఉద్యోగి చెడ్డవాడేమీ కాదు, అతని ఫైలులో ఆ కాగితం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది, అంతే. చట్టం ప్రకారం ఏడేళ్లు ఎవరికీ జాడ తెలియకపోతేనే మనిషి చనిపోయినట్టు భావిస్తారు. ఈ నిబంధన పెట్టిన భారత సాక్ష్య చట్టమూ 1872లోదే, మేరీ సెలెస్ట్ ఖాళీ అయిన ఏడాదిది. 2024 జూలై నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, ఏడేళ్లు మాత్రం ఏడేళ్లుగానే ఉన్నాయి. అంతకాలం ఆవిడ సుమంగళీ కాదు, వితంతువూ కాదు. పింఛనుకు అర్హత లేదు. బ్యాంకులో ఉన్న నాలుగు రాళ్లూ కదలవు. యజమాని పుస్తకంలో అడ్వాన్సు పద్దు మాత్రం అలాగే ఉంటుంది.

దారి లేక కాదు. 2017 నవంబరు ఆఖర్లో ఓఖీ తుపాను కేరళ, కన్యాకుమారి మత్స్యకారుల్ని మింగినప్పుడు, ఏడేళ్లు ఆగకుండానే ఆచూకీ లేనివారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. జనం రోడ్డెక్కారు, చర్చిలు గొంతెత్తాయి, ప్రభుత్వాలు కదిలాయి. అక్కడ కూడా అసలు ఎంతమంది పోయారన్న దాని మీద ప్రభుత్వం లెక్క ఒకటి, ఊళ్ల లెక్క ఒకటి. ఎంతమంది వెళ్లారో రాసుకోని చోట ఎంతమంది రాలేదో ఎలా తేలుతుంది? మనకు ఈ పాఠం ఓఖీ కంటే ఇరవై ఏళ్ల ముందే, 1996 నవంబరు 6 రాత్రి వచ్చింది. తూర్పు గోదావరి తుపానుకు భైరవపాలెం, బలుసుతిప్ప వైపు బోట్లలో ఉన్నవాళ్లు, రొయ్య పిల్లలు పట్టడానికి లంకల్లో గుడిసెలేసుకున్నవాళ్లు వందల్లో పోయారు. కొబ్బరిచెట్లు ఎన్ని కూలాయో లెక్క రాసుకున్నాం.

ఇదంతా చేతకాక జరిగిందని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. మనకు అవసరమైనప్పుడు మత్స్యకారుణ్ణి లెక్కపెట్టగలం. 2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లు పోర్‌బందర్ బోటు కుబేర్‌ను పట్టుకున్నారు. బోటు నడిపే తండేలు శవం అందులో దొరికింది. అతనితో వెళ్లిన నలుగురు ఇంటికి తిరిగి రాలేదు. వాళ్లు చేతులు కలిపారేమోనని ముందు అనుమానించాం. ఆ తర్వాత దేశమంతా తీరం పొడవునా మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, బోట్లకు రంగులు, నంబర్లు వచ్చాయి. వాళ్లవల్ల మనకు ముప్పు రావచ్చన్నప్పుడు వేలిముద్రలు తీసుకున్నాం. వాళ్లకే ముప్పు వచ్చే రాత్రి ఎవరెవరు ఎక్కారో రాసుకోవడానికి మనకు కాగితం దొరకలేదు.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి కడుపు చేతబట్టుకుని గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయేవాళ్ల కథతో 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయి, 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించిన మనవాళ్ల ఉదంతమే దానికి మూలం. చూశాం, ఈలలేశాం, కళ్లు తుడుచుకున్నాం. తిరిగొచ్చినవాళ్లు కాబట్టి వాళ్లది సినిమా అయింది. ఇంకో సంగతి: భారత్, పాకిస్తాన్ 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, మత్స్యకారుల పేర్లతో సహా. కరాచీ జైల్లో పడ్డ మన మత్స్యకారుడి పేరు ఏడాదికి రెండుసార్లు ఒక జాబితాలోకి ఎక్కుతుంది. కాకినాడ ఎదురుగా బోటు అంచు నుంచి జారిపోయినవాడి పేరు ఏ జాబితాలోకీ ఎక్కదు. మన మనిషిని శత్రుదేశపు జైలరు రాసుకున్నంత శ్రద్ధగా మనం రాసుకోలేదు. ఇంతకు మించిన ఆరోపణ మన మీద ఇంకెవరూ చేయనక్కర్లేదు.

పత్రికలవాళ్లం మేం ఇందులో మొదటి ముద్దాయిలం. "వేటకు వెళ్లి మత్స్యకారుడి గల్లంతు" అని సింగిల్ కాలంలో నాలుగు లైన్లు. పేరు, వయసు, ఊరు. చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: గాలింపు కొనసాగుతోంది. ఆ గాలింపు ఎప్పుడు ఆగిందో, ఎవరు ఆపమన్నారో మర్నాడు రాయలేదు, మర్నెల రాయలేదు. అదే వారం అనుబంధంలో బెర్ముడా ట్రయాంగిల్‌కు రెండు పేజీలు, రంగుల బొమ్మలతో. పాఠకులు అదే అడుగుతారని మేం, పత్రికలు అదే ఇస్తాయని పాఠకులు. తీరం ఊళ్లలో పుట్టి చదువుకుని హైదరాబాదుకో అమెరికాకో చేరినవాళ్లం గంగమ్మ గుడికి చందాలు ఘనంగా పంపాం. ఆ గుడి అరుగు మీద బోట్ల పుస్తకం ఒకటి పెడదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మన కవులకు కూడా సముద్రం గట్టు మీద కూర్చుని చూసేదే, వెనక అంచు మీద నుంచి చూసినవాళ్లు తక్కువ.

ఇది మన ఒక్కళ్ల జబ్బే కాదనుకోండి. ప్రపంచం మొత్తం మీద చేపల వేటలో ఏటా పోయేవాళ్లు 24,000 అని 1990ల చివర్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. 2022లో ఇంకో అధ్యయనం లక్షకు పైనే అంది. సముద్రం నాలుగింతలు క్రూరమైపోలేదు, లెక్కే లేదు కాబట్టి అంచనాలు అలా ఊగుతున్నాయి. సరుకు ఓడల నావికుల మరణాలు ఏటా నమోదు చేసి తెలపాలన్న నియమం 2024 డిసెంబరులో గానీ అమల్లోకి రాలేదు. అందులోనూ చేపల పడవలు లేవు. సోంపేట, కవిటి వైపు కుర్రాళ్లు సీడీసీ అనే నావికుల గుర్తింపు పుస్తకం చేతబట్టుకుని ఎక్కే సరుకు ఓడల్లో చాలావాటి జెండా పనామాది, యజమాని ఇంకో దేశంవాడు. కుర్రాడు కనబడకపోతే దర్యాప్తు ప్రధానంగా ఆ జెండా దేశం బాధ్యత. తండ్రికి మిగిలేది ఒక ఈమెయిలు.

శాటిలైటు ట్రాన్స్‌పాండర్లు వస్తున్నాయి. 364 కోట్లతో లక్ష పడవలకు బిగిస్తామన్నారు, మంచిదే. కానీ ఆ పెట్టె బోటు ఎక్కడుందో చెబుతుంది, బోటులో ఎవరున్నారో చెప్పదు. ఆ పని ఒక తెల్లకాగితం, ఒక పెన్ను చేస్తాయి. సొసైటీ అధ్యక్షుడో, మెరైన్ పోలీసో, పదో తరగతి చదివిన యజమాని కూతురో చాలు.

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగుస్తుంది. ఆ రాత్రి రేవులో ఉండే యజమానులకు, సరంగులకు, అక్కడికి ఫొటోల కోసం వెళ్లే నాలాంటి రాతగాళ్లకు ఒకటే మనవి. బోటు నంబరు, ఎక్కినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లు ఒక కాగితం మీద రాయండి. దాన్ని గట్టున ఒకరి చేతిలో పెట్టి, అప్పుడు తాడు విప్పండి.