ఐసును టబ్బుతో కాదు, కాటాతో అమ్మండి

వంటగ్యాసు సిలిండరు మీద 14.2 కిలోలు అని ఉంటుంది. పెట్రోలు బంకులో లీటరు ధరతో పాటు సాంద్రత కూడా చూపించాలి, అనుమానమొస్తే హైడ్రోమీటరు తెప్పించి చూసుకునే హక్కు మనకుంది. మా నెల్లూరు తీరంలో రొయ్యల రైతు, బోటు మనిషి కొనే ఐసుకు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ టబ్బే కొలత. ఆవిరికి తూకం ఉంది, ద్రవానికి లెక్క ఉంది, గడ్డకు మాత్రం కంటి చూపు!

నేను ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పనిచేసి మానేసినవాణ్ణి. ఈ మాట ఫ్యాక్టరీల వాళ్లకు నచ్చకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు.

ఐసు దిమ్మ ఎలా తయారవుతుందో ముందు చూడండి. చిక్కటి ఉప్పునీళ్ల తొట్టిని సున్నాకు పది డిగ్రీల కిందికి చల్లబరిచి, అందులో మంచినీళ్లు పోసిన రేకు డబ్బాలు దించుతాం. ఉప్పునీళ్లు గడ్డకట్టవు, డబ్బాలో నీళ్లు కడతాయి. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి చెప్పే మొదటి మాట ‘డబ్బా అంచు దాకా పోయబాకు’ అనే. 50 లీటర్ల నీళ్లు గడ్డకడితే దాదాపు 54 లీటర్ల చోటు కావాలి. అంచు దాకా పోస్తే ఐసు పైకి ఉబ్బి పక్క డబ్బాకు అతుక్కుంటుంది, లేదంటే డబ్బా అతుకులు విడిపోతాయి. డబ్బా నోరు వెడల్పుగా, అడుగు సన్నగా ఉండేది కూడా ఊరికే కాదు, మామూలు నీళ్లలో ఒకసారి ముంచి వంచగానే దిమ్మ జారి రావడానికి.

లోకంలో చాలా పదార్థాలు గడ్డకడితే బిగుసుకుని బరువెక్కుతాయి. పేరుకున్న నెయ్యి కరిగిన నెయ్యిలో అడుగుకు పోతుంది. నీళ్లది ఎదురుదారి. గడ్డకట్టేటప్పుడు అణువులు ఒకదాన్నొకటి దూరంగా పట్టుకుని బోలు అల్లిక కడతాయి, అందుకే ఘనపు మీటరు నీళ్లు 1000 కిలోలుంటే, ఐసు 917 కిలోలే.

పట్టుబడి రోజున గుంట గట్టు మీద జరిగే తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఐసునీళ్ల టబ్బులో రొయ్యను పోయగానే ఐసు పైన తేలుతుంది, రొయ్య అడుగుకు చేరుతుంది. మంచినీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. అంతకన్నా చల్లబడితే మళ్లీ తేలికై పైనే ఉండిపోతాయి. కలబెట్టకపోతే పైన చెయ్యి పెట్టినవాడికి వేళ్లు కొరుకుతున్నట్టుంటుంది, అడుగున రొయ్యకు ఆ చల్లదనం అందదు. గట్టు మీద హడావుడిలో కలబెట్టే మనిషినే ముందు వేరే పనికి పంపుతారు.

ఇక కొలత సంగతి. దిమ్మను క్రషరులో వేసి పొడి చేస్తే ముక్కల మధ్య గాలి చేరుతుంది. టన్ను దిమ్మ ఐసుకు 1.1 ఘనపు మీటర్ల చోటు చాలు, పొడి చేస్తే 1.4 నుంచి 1.5 కావాలి. యంత్రం నుంచి రేకులుగా రాలే ఫ్లేక్ ఐసుకైతే 2.2 పైనే. ఇప్పుడు 100 లీటర్ల టబ్బు తీసుకోండి. పొడి ఐసు 69 కిలోల దాకా పడుతుంది, ఫ్లేక్ ఐసు 45 కిలోలు దాటదు. చూపుకు రెండూ నిండు టబ్బులే.

చల్లదనం కిలోల్లో ఉంటుంది, టబ్బులో కాదు. కిలో ఐసు కరగడానికి 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. టబ్బుకు 25 కిలోలు తగ్గితే 2000 కిలోకేలరీలు పోయినట్టే. బయటి ఎండ లెక్కలోకి తీసుకోకపోతే, అది 80 కిలోల రొయ్యను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించగల చల్లదనం. మే నెలలో కిలో రొయ్యకు కిలో ఐసు వెయ్యమని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. ‘తెల్లంగా భలే ఉండాదన్నా, మజ్జానానికే నీళ్లయిపాయ’ అని ఫ్లేక్ ఐసు గురించి ఒక బోటు మనిషి నాతో అన్నాడు. రేకులు పల్చగా ఉండి తొందరగా కరిగే మాట నిజమే, దాంతోపాటు అతను కొన్న టబ్బులో సగానికి పైగా గాలే.

ఫ్లేక్ ఐసు చెడ్డదని నేననడం లేదు. మెత్తగా కప్పుకుంటుంది, రొయ్య తోలు గీరుకోదు, వేడిని త్వరగా లాగేస్తుంది. దాన్ని దాని బరువుకే అమ్మాలంటున్నాను.

ఫ్యాక్టరీ లోపల ఈ పొరపాటు ఎవరూ చెయ్యరు, చూడండి. కంప్రెసరు నడిపే అమ్మోనియా లీటరు ద్రవం ఆవిరైతే 800 లీటర్లకు పైగా వ్యాపిస్తుంది. అందుకే సిలిండరు కొన్నప్పుడు యజమాని కిలోలే అడుగుతాడు. మా తీరానికి దక్షిణాన శ్రీహరికోటలో రాకెట్టుకు ఆక్సిజన్‌ను సున్నాకు 183 డిగ్రీల కిందికి చల్లబరిచి ద్రవంగా నింపేదీ ఇందుకే. ఆవిరిగా అయితే అంతకు 860 రెట్ల ట్యాంకు కావాలి. అక్కడ లెక్క టన్నుల్లో.

ఐసు కాటా మీదే కరిగిపోతుందని, తడి బరువు కలుస్తుందని ఒక అభ్యంతరం ఉంది. చిల్లుల బుట్టలో పోసి, నీళ్లు ఓడిపోయాక తూస్తే సరిపోతుంది. నూటఎనభై ఏళ్ల కిందట బోస్టన్ నుంచి ఓడల్లో నెలల తరబడి వచ్చిన ఐసును 1842లో మద్రాసులో కట్టిన ఐస్ హౌస్‌లో పెట్టి, పౌన్ల లెక్కన అమ్మారు. సముద్రాలు దాటొచ్చిన ఐసుకు కుదిరిన తూకం, పక్కవీధి ఐసుకు ఎందుకు కుదరదు?

తూనికలు కొలతల శాఖ, మత్స్యశాఖ కలిసి జువ్వలదిన్నె రేవులో మొదలుపెట్టవచ్చు. ఒక వేలాడే కాటా, చిల్లుల బుట్ట, ధరల బోర్డు మీద దిమ్మ, పొడి, ఫ్లేక్ అని మూడు గళ్లు, మూడింటికీ కిలో ధర. వచ్చే పట్టుబడి సీజనుకు ముందే ఇది జరగాలి. అప్పటిదాకా ఐసు కొనే రైతులు ఇంట్లో ఉన్న స్ప్రింగు కాటానే రేవుకు తెచ్చుకోండి.