గుదడీకి హిసాబ్

మా ఇళ్లల్లో దాన్ని గుదడీ అంటాం. తెలుగులో బొంత. రెండు జబాన్లలోనూ ఆ లఫ్జ్‌కి ఇజ్జత్ లేదు. బొంత కప్పుకున్నాడంటే గరీబు అని అర్థం. "గుదడీ కా లాల్" అని ఉర్దూలో ఒక మాట ఉంది, చింకిపాతల్లో మాణిక్యం అని. ఆ తారీఫ్ కూడా మాణిక్యానికే గానీ గుదడీకి కాదు. సూఫీ ఫకీర్లు అతుకుల అంగీ తొడుక్కున్నందుకు ఆ అతుకులకి కాస్త అదబ్ దొరికింది. కూర్చొని వాటిని కుట్టిన ఔరత్‌కి అదీ దొరకలేదు.

ఇప్పుడు అదే గుదడీ షహర్లో కొత్త పేరుతో తిరుగుతోంది. పాత జీన్స్ ముక్కలతో కుట్టి, 'డెనిమ్ క్విల్ట్' అని పేరు పెట్టి, పర్యావరణం అని ఒక చీటీ తగిలించి వేల రూపాయలకి అమ్ముతున్నారు. అమ్ముకోనీ, నాకేం హసద్ లేదు. అబ్బా వదిలివెళ్లిన కాలు మిషన్ మీద నేనూ ఈ చలికాలం మొదటిసారి ఒక జీన్స్ బొంత కుట్టాను. ఆ బొంత అందం గురించి మాట్లాడినవాళ్లు చాలామంది, చెత్త తగ్గిందని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కూలి ఎంతయిందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ప్యాంట్లు ఎక్కడివో చెప్పాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత పెద్ద నీళ్లు మళ్లీ అప్పుడే. బూర్గంపాడు వైపు ఊళ్లు మునిగితే ఎక్కడెక్కడి నుంచో బట్టల మూటలు వచ్చాయి. ఇచ్చినవాళ్లకి అల్లా బర్కత్ ఇవ్వాలి. కానీ ఆ మూటలు విప్పితే జీన్సే జీన్స్. మోకాలి దగ్గర పోయినవి, జిప్పు ఊడినవి. కోయ ముసలమ్మ వాటిని ఏం చేసుకుంటుంది? కట్టుకోను చీర కావాలంది, కప్పుకోను దుప్పటి కావాలంది. చీరలు, దుప్పట్లు అయిపోయాయి, జీన్స్ మిగిలాయి. ఎవరూ ముట్టని రెండు బస్తాలు చివరికి మా ఇంటి అటక ఎక్కాయి.

ఖైరాత్‌తో ఇదే చిక్కు. ఇచ్చేవాడు తనకి అక్కర్లేనిది ఇస్తాడు, తీసుకునేవాడికి ఏం కావాలో అడగడు. ఆ అక్కర్లేనిదాన్ని కావలసినదిగా మార్చే హునర్ బొంత కుట్టడం. అది ఊరికే జరగదు. ఒక మనిషి నడుము, కళ్లు, కాళ్లు దానికి ఖర్చవుతాయి.

ఎంత ఖర్చవుతాయో చూడండి. ప్యాంటులో ముందు అరిగేది మోకాళ్లు, కూర్చునే చోటు. పిక్కల వెనక, తొడల వెనక గుడ్డ గట్టిగా ఉంటుంది. అక్కడ కోస్తే ఒక్కో ప్యాంటుకి ఎనిమిది అంగుళాల చదరాలు ఏడు దాకా వస్తాయి, పెద్ద సైజయితే ఎనిమిది. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోగా ఏడంగుళాలు మిగులుతాయి. అడ్డం తొమ్మిది, నిలువు పన్నెండు, మొత్తం 108 చదరాలు. అయిదడుగుల పైన వెడల్పు, ఏడడుగుల పొడవు. పదిహేను ప్యాంట్లు పట్టాయి.

జాకెట్లు కుట్టే 14 నంబరు సూది దీనికి ఆగదు, 18 నంబరు వేయాలి. చదరాల మూలలు కలిసేచోట కుట్టు అంచుల్ని ఒకే పక్కకి మడిస్తే సూది కింద ఆరు పొరలు పడతాయి. అంచుల్ని విడదీసి రెండు పక్కలకీ పరిచి ఇస్త్రీ చేస్తే నాలుగే. ఆ నాలుగింటినీ కూడా చిన్న సుత్తితో కొట్టి అణచాలి. మూల వచ్చినప్పుడు తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ దాటాలి. కింద అస్తరుకి రెండు పాత నూలు చీరలు వేశాను. లోపల దూది అక్కర్లేదు, డెనిమే కావలసినంత బరువు. చివరికొచ్చేసరికి బొంతని చాపలా చుట్టి మిషన్ చేతి కింద దూర్చి, బరువంతా ఒళ్లో మోస్తూ కుట్టాలి. మొత్తం రెండున్నర కిలోలు తూగింది. కిన్నెరసాని వైపు నుంచి వచ్చే జనవరి చలికి అది చాలు.

ప్యాంట్లు ఉతికి విప్పి కోయడంతో కలిపి నాకు 32 గంటలు పట్టింది.

ఇక హిసాబ్. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. రోజుకి ఎనిమిది గంటలనుకుంటే నా 32 గంటలు నాలుగు రోజులు, అంటే 1200 రూపాయలు. దారం, సూదులు, ఇస్త్రీ కరెంటు ఒక 150. గుడ్డ ముఫ్త్. మొత్తం 1350. ఇందులో లాభం లేదు, హునర్‌కి ఒక్క పైసా వేయలేదు. మట్టి పనికి సర్కారు ఇచ్చే కూలే వేశాను. కొంటామని వచ్చినవాళ్లు చెప్పిన ధర మూడొందలు. "పాత ప్యాంట్లే కదా మేడమ్" అన్నారు. గుడ్డ పాతదే, నిజం. మెహనత్ కొత్తది కదా!

ఆ మూడొందలు వాళ్లకి సంతలో కంబళి ధర చూసి తోచింది. హర్యానాలో పానిపట్ అని ఉంది, ప్రపంచం పారేసిన ఉన్ని బట్టల్ని మిల్లుల్లో చింపి, మళ్లీ నూలు తీసి, కంబళ్లు నేసే ఊరు. ఒకప్పుడు వరదలకి, భూకంపాలకి పంచిన కంబళ్లు చాలావరకు అక్కడివే. అవీ పాత బట్టలే. అయితే అక్కడ ధర తగ్గేది మిల్లు వేగం వల్ల. ఇక్కడ తగ్గించమని అడిగేది, ఇంట్లో కూర్చున్న ఆడమనిషి ఎదురు మాట్లాడదనే భరోసాతో.

ఇది నా ఒక్కదాని సంగతయితే ఇంత రాయను. మా ఖాలా కూతురు ఉంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. మైనారిటీ మహిళలకి సర్కారు పంచిన కుట్టు మిషన్ దానికీ వచ్చింది. ఫాల్స్ కుడుతుంది, జాకెట్లు కుడుతుంది. ఆ గల్లీలోనే ఇంకో ఇద్దరికి అవే మిషన్లు, అవే జాకెట్లు. నా బొంతని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్సే ఘర్ చల్తా క్యా ఆపా?" అని అడిగింది. దీంతో ఇల్లు గడుస్తుందా అని. ఖర్చు పోను మూడొందల్లో గంటకి అయిదు రూపాయలు కూడా మిగలవు. చల్తా నై, అని ఉన్నమాటే చెప్పాను.

ఏ పార్టీ వచ్చినా మన ఔరతులకి చూపించే రాస్తా ఒకటే, కుట్టు మిషన్. 2006లో సచార్ కమిటీ చెప్పింది, పనిచేసే ముస్లిం మహిళల్లో 70 శాతం ఇంట్లోనే ఉండి పనిచేస్తున్నారని. అందరినీ కలిపి చూస్తే అది 51 శాతం. ఇంట్లో చేసే పనికి టైం లేదు, బోర్డు లేదు, రేటు లేదు. మిషన్ ఇవ్వడం తప్పని నేను అనను. మిషన్ ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోతే సగం పనే అయింది. మిగతా సగం ఆర్డరు.

మనలో దూదేకుల బిరాదరీని చూడండి. దూది ఏకి, పరుపులు కుట్టి, ఊరూరా జనాన్ని వెచ్చగా పడుకోబెట్టారు. సర్కారు కాగితాల్లో బీసీ-బి అయ్యారు, ఫోము పరుపులు వచ్చాక విల్లు అటకెక్కించారు. హునర్ పోవడానికి హునర్‌లో లోపం అక్కర్లేదు, కొనేవాళ్లు లేకపోతే చాలు.

కొనేవాళ్లు వచ్చినా హిసాబ్ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనిలో అరిగిన డెనిమ్ బట్టలతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో అవి న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికొచ్చాయి. ఆ మరుసటి ఏడాది కుట్టినవాళ్లలో ముగ్గురు, తమకి రావలసిన పైసలు రాలేదని కోర్టుకెళ్లారు. గోడ మీద గౌరవం, చేతిలో తగాదా. తర్వాత రాజీ అయింది. మనకు దగ్గర్లో, కర్ణాటక ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీ ఆడవాళ్లు కవందీ కుడతారు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ క్రైస్తవులూ ఉన్నారు. నాలుగు మూలల్లో గుడ్డ పువ్వులు పెట్టకపోతే ఆ బొంత పూర్తి కానట్టే వాళ్లకి. ఇది కేవలం గరీబీ పని అనేవాళ్లు ఆ నాలుగు పువ్వులకి జవాబు చెప్పాలి.

అసలు జీన్స్ పుట్టిందే కూలీల కోసం. జేబులు చిరిగిపోతున్నాయంటే రాగి రివెట్లు కొట్టిన జేకబ్ డేవిస్ ఒక దర్జీ. గుడ్డల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నాడు. 'డంగరీ' అనే మాట కూడా మన బంబయి డోంగ్రీ పేరు మీద వచ్చిందే. మెహనత్ చేసేవాళ్ల గుడ్డ అది.

"బొంత మొహబ్బత్‌తో కుట్టేది, దానికి ధర కడతావా?" అని మా ఇంట్లోనే అడిగారు. పుట్టబోయే బిడ్డకి నానీ కుట్టిన గుదడీకి నేను ధర అడగను. అది తోఫా. తోఫా ఇచ్చే మర్జీ కుట్టినదానికి ఉండాలి, అడిగినవాళ్లకి కాదు. ఇంకొకరు, "1350 పెట్టి ఎవరు కొంటారు?" అన్నారు. న్యాయమైన సవాలే. అందుకే రెండో బొంతకి చదరాలు మానేసి, ప్యాంటు కాళ్లని పొడుగు పట్టీలుగా కోసి కుట్టాను. మూలలు తగ్గాయి, 20 గంటల్లో అయింది. అదే కూలితో 900 రూపాయలు. ధర తగ్గాలంటే తరీఖా మార్చి తగ్గించవచ్చు, మనిషి కడుపు కోయక్కర్లేదు.

భద్రాచలం ఐటీడీఏ కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి, మైనారిటీ గురుకులాలున్నాయి. అడవి చలిలో పడుకునే పిల్లలకి దుప్పట్లు కావాలి. మిషన్లు పంచిన సర్కారే ఆ మిషన్ల మీద కుట్టిన బొంతలు కొన్ని కొనవచ్చు, కనీసం రోజు కూలి రేటు లెక్కగట్టి. పాత బట్టలు పంపే దాతలు, ప్యాంట్లతో పాటు కుట్టుకూలి కూడా పంపవచ్చు. అప్పుడు ఆ మూట ఖైరాత్ కాదు, ఒక ఇంటికి పని.

కుట్టే చెల్లెళ్లకి, ఆపాలకి నా గుజారిష్ ఒకటి. ఎన్ని గంటలు పట్టిందో ఒక కాగితం మీద రాసుకోండి. బొంత అయ్యాక ఆ అంకెని రంగు దారంతో వెనక మూలన కుట్టండి. నా మొదటి దాని మీద '32' అని ఉంది. ధర అడిగినవాళ్లకి ముందు ఆ మూల చూపిస్తున్నాను. బేరం అక్కణ్నుంచి షురూ కావాలి.