నాలుగు కిలోలు తగ్గిస్తే కారు పరిగెడుతుందా?

"అన్నా, లైట్‌వెయిట్ ఫ్లైవీల్ వేస్తే పికప్ బాగా పెరుగుతాదంట. వేయించమంటావా?"

గిద్దలూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. వాడి దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ హోండా సిటీ. పాత మోడల్, 1.5 లీటర్ల వీటెక్ ఇంజన్. కంపెనీ లెక్కలో అది ఫ్యామిలీ సెడానే. కానీ టన్ను బరువున్న బండిలో 106 హార్స్‌పవర్ అంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అందుకే మన దేశంలో కార్ల పిచ్చోళ్లు దాన్ని ఇప్పటికీ స్పోర్ట్స్ కారు కిందే లెక్కేస్తారు. రెండు సీట్ల రోడ్‌స్టర్ కొనే స్థోమత ఎంతమందికి ఉంటుంది చెప్పండి. మనకి ఇదే ఫెరారీ.

వేయించు, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఇలాంటి ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబిచ్చే రీల్స్ ఇప్పటికే బోలెడున్నాయి. వాడు వాటిని చూసే నన్నడిగాడు.

ఫ్లైవీల్ అంటే ఇంజన్ క్రాంక్ చివర బిగించిన బరువైన ఇనుప చక్రం. దాని అంచున పళ్లుంటాయి, స్టార్టర్ మోటారు వాటిని పట్టుకునే ఇంజన్‌ని తిప్పుతుంది. దాని ముఖానికి క్లచ్ ప్లేట్ అతుక్కుంటుంది. ఈ రెండు పనులకీ అంత బరువు అక్కర్లేదు. బరువు మూడో పని కోసం. ఇంజన్ బలం ధారలా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకి ఒక దెబ్బ. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇంజన్ చతికిలపడకుండా తిప్పేది ఆ చక్రంలో నిలవున్న ఊపు.

కుమ్మరి సారె చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కర్రతో గిరగిరా తిప్పి వదిలేస్తే, మట్టి మీద చెయ్యి ఆనించినా అది తిరుగుతూనే ఉంటుంది. సారె తేలికదైతే చెయ్యి పెట్టగానే ఆగిపోతుంది. మన కంభం, మార్కాపురం వైపు బోర్లు రాకముందు బావుల దగ్గర ఉండే ఆయిల్ ఇంజన్లకి పక్కన అంతంత చక్రాలు ఎందుకుండేవి? ఒకే సిలిండరు. రెండు చుట్లకి ఒక్కటే దెబ్బ. మిగతాదంతా చక్రం మోయాలి.

బైకుల్లో అయితే పాత బుల్లెట్ ఒక కొస, డ్యూక్ 390 ఇంకో కొస. బుల్లెట్ ఫ్లైవీల్ బరువు. తక్కువ స్పీడులో పెద్ద గేరులోనూ డుగ్ డుగ్ అంటూ పోతుంది, కానీ యాక్సిలరేటర్ తిప్పితే ఆలోచించి కదులుతుంది. డ్యూక్ తిప్పిన క్షణమే ఎగురుతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడపబోతే దడదడలాడుతుంది. రెండిట్లో ఏది గొప్ప అని కొట్టుకునేవాళ్లని కొట్టుకోనివ్వండి. తేలిక ఫ్లైవీల్ వేయడమంటే మాత్రం మీ కారుని బుల్లెట్ వైపు నుంచి డ్యూక్ వైపు కొంచెం జరపడం.

మరి పికప్ ఎంత పెరుగుతుంది? ఇక్కడ నేను స్ప్రెడ్‌షీట్ తెరిచాను. కోడ్ రాసి బతికేవాడికి అదో జబ్బు. పాత ఫ్లైవీల్ 8 కిలోలు, కొత్తది 4 కిలోలు, వ్యాసం 28 సెంటీమీటర్లు అనుకున్నాను. ఇలాంటి కార్లకి సుమారుగా సరిపోయే అంకెలు. తిరిగే బరువుకి ఒక చిత్రమైన గుణం ఉంది. కారు వేగం పెంచేటప్పుడు ఫ్లైవీల్‌ని కూడా వేగంగా తిప్పాలి కాబట్టి, అది తన అసలు బరువుకి ఎన్నో రెట్లున్నట్టు ప్రవర్తిస్తుంది. ఎన్ని రెట్లన్నది గేరుని బట్టి ఉంటుంది. ఆ 4 కిలోలు తీసేస్తే ఫస్ట్ గేరులో దాదాపు 90 కిలోలు దించినట్టు. అంటే ఒక భారీ ప్యాసింజర్ దిగిపోయాడన్నమాట. సెకండ్ గేరులో 30 కిలోలు. థర్డ్‌లో 14. ఫిఫ్త్‌లో 5.

చూశారా, ఎంత త్వరగా కరిగిపోయిందో! ఫస్ట్ గేరులో 6, 7 శాతం తేడా ఉంటే థర్డ్‌కి వచ్చేసరికి ఒక్క శాతం. రీల్‌లో బండి ఫస్ట్ గేరులో ఎగిరిపడటమే చూపిస్తారు. థర్డ్ గేరు చూపించరు.

ఇంకో మాట. హార్స్‌పవర్ ఒక్కటి కూడా పెరగదు. 106 ఉంటే 106 గానే ఉంటుంది. ఇంజన్ తనని తాను తిప్పుకోవడానికి ఖర్చు పెట్టేది తగ్గుతుందంతే. అదీ చుట్ల వేగం మారుతున్నప్పుడే. ఒకే వేగంలో పోతున్నప్పుడు ఫ్లైవీల్ 4 కిలోలైనా 40 కిలోలైనా ఇంజన్‌కి ఒకటే.

ఇప్పుడు మావాడు కారు నడిపే రోడ్డు సంగతి. గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి దిగితే, పచ్చర్ల మీదుగా గాజులపల్లె దాకా ఘాట్. నెలకోసారి పెద్దమ్మని కంటి పరీక్షకి నంద్యాల తీసుకుపోయేది ఆ దారినే. ఆ ఘాట్‌లో నడిపినవాళ్లని అడగండి, అక్కడ మీ స్పీడు నిర్ణయించేది మీ ఇంజన్ కాదు, ముందున్న లోడు లారీ. దాని వెనక సెకండ్ గేరులో ఒకే తీరున పాకుతుంటే తేలిక ఫ్లైవీల్ వల్ల వచ్చే లాభం ఆ 4 కిలోలే. వాడి డిక్కీలో ఉన్న సబ్‌వూఫర్ డబ్బా దానికి నాలుగైదు రెట్లుంటుంది. అది దించమని చెప్తే మాత్రం ముఖం ముడుచుకుంటాడు.

నష్టం కూడా అక్కడే. మలుపులో లారీ ఆగింది. మీరూ ఆగారు. ఎత్తులో మళ్లీ కదలాలి. క్లచ్ వదులుతున్న ఆ అర సెకనులో కారుని ముందుకి నెట్టేది ఫ్లైవీల్‌లో దాచుకున్న ఊపే. నిమిషానికి 1500 చుట్ల దగ్గర 8 కిలోల చక్రంలో ఉన్న శక్తి, 1100 కిలోల కారుని సుమారు 9 సెంటీమీటర్లు పైకెత్తడానికి సరిపోతుంది. 4 కిలోల దానిలో అందులో సగమే. కాబట్టి యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాలి, క్లచ్ ఎక్కువసేపు జారనివ్వాలి. లేదంటే బండి ఆగిపోతుంది. దానికి తోడు మన పడమటి ప్రకాశం ఎండాకాలం. ఏసీ లేకుండా అంగుళం కదలలేం. ఐడిల్‌లో కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా తేలిక ఫ్లైవీల్ ఇంజన్ ఒకసారి కుంగి లేస్తుంది. పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏందిరా, బండికి చలిజ్వరమొచ్చిందా?" అనకపోతే చూడండి.

అలాగని మంచేమీ లేదనను. గేరు దించేటప్పుడు యాక్సిలరేటర్‌ని చిన్నగా తట్టి చుట్లు కలిపే అలవాటున్నవాళ్లకి తేలిక ఫ్లైవీల్ పండగే. ఇంజన్ మాట వింటుంది. పెంచితే వెంటనే పెరుగుతుంది, వదిలితే వెంటనే పడుతుంది. గేరు వేగంగా వేయడం రానివాళ్లకి ఆ "వెంటనే పడటమే" కుదుపు అవుతుంది. రేస్ ట్రాక్‌లో అయితే ప్రతి మలుపుకీ గేరు మారుతుంది, చుట్లు ఎప్పుడూ పైనే ఉంటాయి, ట్రాఫిక్‌లో పాకే పనే ఉండదు. మనకి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. ఏడాదిలో నాలుగైదుసార్లు అక్కడ తిప్పేవాడు అడిగితే నా జవాబు వేరే ఉండేది.

ఇంతవరకూ సుఖమా, కష్టమా అన్న లెక్కే. మావాడి రెండో మెసేజ్ చూశాక నాకు అసలు భయం పట్టుకుంది. "కొత్తది కొనేది ఎందుకన్నా, ఉన్నదాన్నే మన లేత్ షాపులో తరిగిస్తే పాయె గదా. చవగ్గా అయిపోతాది."

మన లేత్ షాపుల వాళ్ల పనితనం మీద నాకు అనుమానం లేదు. విరిగిన ట్రాక్టర్ షాఫ్టుని సాయంత్రానికి నిలబెట్టే చేతులవి. సమస్య చెయ్యి కాదు, లోహం. చాలా మామూలు కార్లలో కంపెనీ ఫ్లైవీల్ పోత ఇనుము. పోత ఇనుము నొక్కితే భరిస్తుంది, లాగితే పగులుతుంది. తిరిగే చక్రంలో జరిగేది లాగుడే.

లెక్క చూడండి. నిమిషానికి 7000 చుట్లు తిరిగేటప్పుడు 14 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అంచు వేగం గంటకి 370 కిలోమీటర్లు. ఆ అంచులోని 10 గ్రాముల ఇనుప ముక్క బయటికి లాగే బలం 76 కిలోలు. పది గ్రాములంటే రెండు చెంచాల పంచదార. ఆ ముక్క మీద ఒక నిండు మనిషి వేలాడుతున్నట్టన్నమాట. అలాంటి ముక్కలు చక్రం చుట్టూ ఉన్నాయి. కంపెనీ ఇంజనీరు ఆ మందం ఊరికే ఉంచలేదు. తరిగినచోట పోతలో ఎప్పటినుంచో దాక్కున్న చిన్న బుడగో పగులో ఉంటే, కంటికి కనిపించదు. మొదటి నెలలో ఏమీ కాకపోవచ్చు కూడా. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఆ పగులు పెరుగుతుంది.

ఇక పగిలితే ఎటు పోతుంది? ఈ కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. కాబట్టి ఫ్లైవీల్ మన బండి చక్రాల్లాగే ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. ముక్కలు ఎగిరే దారిలో బానెట్ ఉంటుంది, రోడ్డు ఉంటుంది, కేబిన్ కూడా ఉంటుంది. మధ్యలో ఉన్నది అల్యూమినియం హౌసింగ్, ఒక పల్చటి రేకు. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ వాళ్లు ఈ పాఠం నెత్తురుతో నేర్చుకున్నారు. అందుకే వేగంగా పోయే బళ్లకి ఎస్‌ఎఫ్‌ఐ 1.1 అనే ప్రమాణం దాటిన ఫ్లైవీల్, దాని చుట్టూ ముక్కల్ని ఆపే ఉక్కు కవచం పెట్టాలన్న రూల్స్ పెట్టుకున్నారు. అందుకే తమ్ముడూ, తరిగించడం అన్న మాట ఇక ఎత్తొద్దు.

వేడి గురించి కూడా చెప్పాలి. క్లచ్ జారినప్పుడు పుట్టే వేడిని తాగేది ఆ ఇనుమే. సగం ఇనుము తీసేస్తే అదే వేడికి అది రెట్టింపు కాలుతుంది. ఘాట్‌లో మలుపు మలుపుకీ ఆగి కదిలే బండికి ఇది చిన్న సంగతి కాదు. అల్యూమినియం ఫ్లైవీల్ కొంటే క్లచ్ రాసుకునే చోట ఉక్కు పలక విడిగా బిగించి ఉంటుంది, అది ఉందో లేదో చూసి కొనాలి. చాలామంది అమ్మేవాడిని "ఎన్ని కిలోలు?" అనే అడుగుతారు. బరువు ఎంతన్నది సగం కథే. ఒక కిలో అంచున ఉంటే చేసే ప్రభావం, అదే కిలో సగం దూరంలో ఉంటే చేసేదానికి నాలుగు రెట్లు. నడిమధ్యలో చిల్లులు పొడిచి రెండు కిలోలు తగ్గించామని చెప్పే ఫ్లైవీల్ మీకు ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ముందు తమ ఫ్లైవీల్ ఏ రకమో కనుక్కోండి. 1985 నుంచి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అని ఒకటి వస్తోంది. రెండు చక్రాలు, మధ్యలో స్ప్రింగులు. డీజిల్ దెబ్బల అదురు గేర్‌బాక్స్‌కి తగలకుండా అది మింగేస్తుంది. దాన్ని పీకి తేలిక ముక్క పెడితే ఆ అదురంతా గేర్‌బాక్స్ తినాలి. గలగలా శబ్దం మొదటి రోజే మొదలవుతుంది.

తమాషా ఏంటంటే రేసింగ్ వాళ్లు ఎప్పుడూ చక్రాల్ని తీసేయరు. 2012లో లీ మాన్స్ 24 గంటల రేసు గెలిచిన ఆడి ఆర్18 ఈ-ట్రాన్ క్వాట్రోలో, బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని దాచుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఫ్లైవీల్ పెట్టారు. ఊపు దాచుకోవడం అవసరమైన చోట దాచుకున్నారు మరి.

చట్టం సంగతి కూడా మావాడు అడిగాడు. ఆర్‌సీలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. కంపెనీ స్పెసిఫికేషన్ విషయంలో 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగానే చెప్పింది. ఫ్లైవీల్ బరువు ఆర్‌సీలో ఉండదు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇంజన్ భాగం మారిస్తే, క్లెయిమ్ రోజున అదే ఇరికిస్తుంది.

చివరికి వాడికి నేను చెప్పింది ఇదీ. ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించు. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే తేమ పీల్చుకున్న పాత ఫ్లూయిడ్‌కి ఆ హద్దు 155కి పడిపోతుంది. పచ్చర్ల దిగువన బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయిందంటే కారణం చాలాసార్లు అదే. ఫ్లైవీల్ మీద మనసు అప్పటికీ పోకపోతే, క్లచ్ ప్లేట్ అరిగి ఎలాగూ గేర్‌బాక్స్ దించాల్సి వచ్చిన రోజున ఆలోచిద్దాం. కూలీ ఒక్కసారే పడుతుంది. అప్పుడు కూడా సగానికి సగం కాదు, ఆరు కిలోల దగ్గర ఆగే ఫోర్జ్‌డ్ స్టీల్‌ది. బ్యాలెన్సింగ్ చేసినట్టు కాగితం చూపిస్తేనే.

ఆ రోజు మెకానిక్‌ని క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా చూడమను. అక్కడ ఆయిల్ కారుతుంటే ఎంత ఖరీదైన ఫ్లైవీల్ వేసినా క్లచ్ జారుతూనే ఉంటుంది.