ఒక్కరికి సరిపడే ఊరు

'సెటిల్మెంట్' అన్న ఇంగ్లీషు మాటను తెలుగు చేయమంటే ఖరగ్‌పూర్‌లో నివసించే అనువాదకుడు కొంచెం తటపటాయించక తప్పదు. ఈ ఊరిలో పాత సెటిల్మెంట్, కొత్త సెటిల్మెంట్ అని రెండు పేటలు ఉన్నాయి. రెండూ రైల్వే క్వార్టర్ల పేటలే. రైల్వే కార్యాలయంలో అదే మాట, పదవీ విరమణ చేసిన ఉద్యోగికి ముట్టవలసిన మొత్తాల లెక్కకు పేరు. ఇక ఇళ్ళలో మనవాళ్ళు మాట్లాడుకొనేటప్పుడు దానికి మూడవ అర్థం ఉన్నది: ఏదో ఒక ఊరు చూసుకొని స్థిరపడడం. సెటిల్మెంటు డబ్బు చేతికి వచ్చేలోపల సెటిల్మెంటులోని క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడ సెటిల్ కావాలన్నదే ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఏటా కొన్నింటికి ఎదురయ్యే ప్రశ్న.

ఈ తెలుగువారు ఇక్కడికి ఎట్లా వచ్చారో చెప్పుకోకపోతే ఆ ప్రశ్న బరువు తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా ఎంచుకొని, ఎర్రమట్టి మెట్టనేల మీద పెద్ద వర్క్‌షాపు కట్టింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పుతీరపు దారి కూడ ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ దారి వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు వర్క్‌షాపుకూ, లోకోషెడ్డుకూ, లైను పనికీ తరలివచ్చారు. 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెను అహింసాయుతంగా నడిపిన వి.వి. గిరి తెలుగువారే, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 1944లో కంపెనీ ప్రభుత్వపరం కావడం, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడడం జరిగినా ఈ రాకపోకలు ఆగలేదు. 2003లో వాల్తేరు డివిజను తూర్పుతీర రైల్వేలో కలిసిన తర్వాత మాత్రం పరిపాలన బంధం తెగింది. అప్పటికే మథురాకాటి, నింపురా వంటి పేటలలో మూడు తరాలు గడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి అంగీకరించిందంటే, ఆ నిర్ణయం వెనుక ఈ ఊరి తెలుగు జనసంఖ్యే ప్రధానంగా ఉన్నది.

ఇన్ని తరాలు గడిచినా రైల్వే క్వార్టరు సొంతం కాదు గదా. విరమణ తర్వాత మామూలు అద్దెపై నాలుగు నెలలు ఉండనిస్తారు. అనారోగ్యమో పిల్లల చదువో కారణంగా చూపితే రెట్టింపు అద్దెపై మరి నాలుగు నెలలు దొరకవచ్చు. క్వార్టరు అప్పగించేవరకు గ్రాట్యుటీని నిలిపి ఉంచే నిబంధన ఒకటి ఉన్నది. అంటే ఊరు ఎంచుకొనడానికి మనిషికి చిక్కే వ్యవధి, ముప్పయ్యయిదేళ్ళ కొలువు తర్వాత, ఒక వేసవీ ఒక వానకాలమూ మాత్రమే. ఆ తొందరలో అందరూ అడిగేది ఒక్కటే: ఎక్కడ చవక?

చవక అన్న మాటను మనం బియ్యం ధరతోనూ ఇంటి అద్దెతోనూ కొలుస్తాం. అది తప్పని అనను. అయితే ఆ కొలతలో ఒక లోపం ఉన్నది: అది ఇద్దరికి వేసిన లెక్క. విశ్రాంత జీవితంలో చివరి భాగం ఇద్దరిది కాదు, ఒక్కరిది. మన ఇళ్ళలో భార్య భర్తకంటె వయసులో చిన్నది కావడం పరిపాటి. స్త్రీలు సగటున ఎక్కువకాలం జీవిస్తారు. కాబట్టి ఆ ఒక్కరు సాధారణంగా భార్యయే. ఆమె కోసం ఊరు ఎంచుకున్న ఇల్లు నేను చూసినవాటిలో బహు తక్కువ.

2004కు ముందు కొలువులో చేరి పాత పింఛను పద్ధతిలో ఉన్నవారి సంగతే చూడండి. చివరి మూలవేతనం 50,000 రూపాయలు అనుకుందాం. పింఛను అందులో సగం, 25,000. దీనిలో నూటికి నలభై వంతుల దాకా ముందుగానే ఒకేసారి మొత్తంగా తీసుకొనవచ్చును. పదిహేనేళ్ళ తర్వాత ఆ భాగం తిరిగి పింఛనులో చేరుతుంది. చాలామంది ఇల్లు కట్టడానికి తీసుకొనేది ఈ మొత్తమే. అప్పుడు నెలనెలా వచ్చే మూలపింఛను 15,000 అవుతుంది, కరువు భత్యం మాత్రం పూర్తి 25,000 మీద లెక్కకడతారు. ఇక ఆయన పోయిన తర్వాత? విరమణ పొందినవారి విషయంలో, మరణించిన నాటి నుంచి ఏడేళ్ళో, ఆయనకు 67 నిండవలసిన తేదీయో, ఏది ముందయితే అంతవరకు భార్యకు హెచ్చు రేటున కుటుంబ పింఛను వస్తుంది. ఆ మీదట అది చివరి వేతనంలో నూటికి ముప్పయి, అనగా 15,000. కరువు భత్యం కూడ ఆ పదిహేను వేల మీదనే. భర్త ముందుగా తీసుకొన్న సొమ్ము వల్ల ఆమె భాగం తగ్గకపోవడం ఒక్కటే ఊరట.

వంద రూపాయల పింఛను అరవై అయినప్పుడు ఇంటి ఖర్చు అరవై కాదు. అద్దె ఇద్దరికీ ఒక్కరికీ ఒకటే. పనిమనిషి జీతం తగ్గదు. ఆసుపత్రికి ఆటో ఒక్కరెక్కినా అదే బాడుగ; పైగా వెంట వచ్చే మనిషికి తిరుగు బాడుగ కూడ ఇవ్వవలసి రావచ్చు. అందువల్ల ఒక ఊరు తమకు అందుబాటులో ఉన్నదా అని చూసేవారు అరవై రూపాయలతో చూడాలి.

మా ఎరుకలో ఒక ఫిట్టరు ఉన్నారు. వర్క్‌షాపులో పనిచేసి విరమణ పొందారు. శ్రీకాకుళం జిల్లాలో తాతలనాటి వాటా కొద్దిగా నేల ఉన్నది. అక్కడ రెండు గదులు వేసుకుంటే అద్దె ఉండదు, కూరగాయలు పెరట్లోనే అని ఆయన లెక్క. కాగితం మీద దానికి తిరుగులేదు. భార్య అంతా విని, ఆ జిల్లా మాటలోనే అడిగింది: "మీరున్నన్నాళ్ళు ఏ ఊరైనా ఒకటేనండి. మీరు నేకపోతే నానెవులితోటి మాటాడాల?" ఆమె పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. యాస మాత్రం తల్లిది. గోల్‌బజారులో హిందీతో బేరం చేస్తుంది, పక్కింటామెతో బెంగాలీలో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. అత్తవారి ఊరిలో ఆమె పెళ్ళిళ్ళకు వచ్చిపోయే చుట్టం మాత్రమే. అక్కడి పిల్లలకు ఆమె 'బెంగాలామె'.

సొంత ఊరు అన్నది కొందరి విషయంలో చిరునామా మారిన జ్ఞాపకం. నలభయ్యేళ్ళు విడిచి ఉన్న పల్లె మనకోసం ఆగి ఉండదు. తోటివారు పోయి ఉంటారు, వారి పిల్లలు హైదరాబాదులో ఉంటారు. రాత్రివేళ గుండె నొప్పి వస్తే తలుపు తట్టవలసినది ఎవరి ఇంటిదో తెలియని ఊరు ఎంత చవకైనా చవక కాదని నా అభిప్రాయం. దానికి బదులు విశాఖ మేలని వాదించేవారు ఉన్నారు. డివిజను ఆసుపత్రి ఉన్నది, సముద్రం ఉన్నది, తెలుగు ఉన్నది. అంతా నిజమే. కాని అక్కడ స్థలం కొనడానికి సెటిల్మెంటు డబ్బు సగానికిపైగా కరిగితే, అరవై రూపాయల నాటికి చేతిలో మిగిలేది ఏమిటని కూడ చూసుకోవాలి.

ఇంగ్లీషు సాహిత్యంలో ఈ విషయమై నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చేవాడు చార్లెస్ లాంబ్. ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో 33 ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి 1825లో విరమణ పొందాడు. ఏడాదికి 450 పౌన్ల పింఛను. అందులో 9 పౌన్లు వదులుకొని, తన తర్వాత అక్క మేరీకి భృతి నడిచే ఏర్పాటు చేయించుకున్నాడు. బ్రహ్మచారి, అక్కతోనే జీవితం. మిగిలిపోయేవారి గురించి ఇంత జాగ్రత్త పడినవాడు రెండేళ్ళలో లండన్ విడిచి ఎన్‌ఫీల్డ్ అనే పల్లెటూరికి మారాడు. పచ్చికబయళ్ళ మధ్య, స్నేహితుల సందడి లేని సాయంకాలాలు ఆయనకు ఎంత భారమైనవో ఆయన ఉత్తరాలే చెబుతాయి. 1834లో ఆయన కన్నుమూశాడు. ఆయనకంటె పదేళ్ళు పెద్దదైన మేరీ 1847 వరకు ఉన్నది. చివరి సంవత్సరాలు మళ్ళీ లండన్‌లోనే గడిపింది. డబ్బు లెక్క కుదిరింది, ఊరి లెక్క కుదరలేదు.

అట్లాగని ఖరగ్‌పూర్ స్వర్గమని చెప్పబోవడం లేదు. వేసవి ఎండ రాతినేల మీద నిప్పులు చెరుగుతుంది. కంసావతి నది ఊరి పక్కనే పారుతున్నా ఎండాకాలం నీటి కటకట తప్పదు. 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదేనని చెప్పుకొనేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ 1072 మీటర్లు ఘనత కాదు, శిక్ష. అన్నిటికంటె పెద్ద చిక్కు నేలది. ఊరి నడిబొడ్డున చాలా భాగం రైల్వే భూమి, అక్కడ ఎవరికీ పట్టా రాదు. సొంత ఇల్లు కావాలంటే మలంచా, ఇందా, తల్‌బగీచా వంటి చోట్లకు పోవాలి. కట్టేముందు దస్తావేజులు వకీలుకు చూపించడం అవసరం. అన్నదమ్ముల మాట మీద కొన్న స్థలాలు కోర్టుకు ఎక్కడం ఎక్కడైనా ఉన్నదే.

అయినా రైల్వే పింఛనుదారుకు ఈ ఊరిలో ఒక వసతి ఉన్నది, దానికి ధర కట్టడం కష్టం. విరమణ సమయంలో సుమారు ఒక నెల మూలవేతనం చెల్లించి వైద్య పథకంలో చేరినవారికీ, వారి భార్యకూ రైల్వే ఆసుపత్రి జీవితాంతం అందుబాటులో ఉంటుంది. భర్త పోయినా ఆ హక్కు పోదు. ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండి, అక్కడి రోజువారీ వైద్యం వద్దనుకొన్నవారికి నెలకు 1,000 రూపాయల భత్యం ఇస్తారు. పంచదార వ్యాధికీ రక్తపోటుకూ కలిపి మందులు కొనే ఇంట్లో వెయ్యి రూపాయలు ఎన్నాళ్ళు వస్తాయో వేరుగా చెప్పనక్కర లేదు. ఇక కన్న ఊరి మీద మమకారానికి ఏటా వచ్చే పాసులు ఉన్నాయి. రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి శ్రీకాకుళం రోడ్డు. అమ్మవారి పండుగకు వెళ్ళి, పదిరోజులుండి, తిరిగి రావచ్చు.

కొడుకు దగ్గర ఉంటే ఈ బాధలేవీ ఉండవని అనేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: కొడుకుకు కూడ బదిలీలు ఉంటాయి.

ఆ ఫిట్టరుగారు చివరకు పల్లెలో ఇల్లు వేయలేదు, ఇక్కడా స్థలం కొనలేదు. మలంచాలో కింది అంతస్తు వాటా ఒక ఏడాదికి అద్దెకు తీసుకున్నారు. వేసవి నీళ్ళూ, వానాకాలపు దారీ రెండూ చూశాక నిర్ణయిస్తామన్నారు. పింఛను ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేటట్లు మార్పించారు. పింఛను పత్రంలో భార్య పేరూ పుట్టిన తేదీ సరిగా ఉన్నవో లేవో తామే కూర్చొని సరిచూశారు. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగవలసినది ఆమెయే. ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్ళవలసి ఉంటుంది గదా, మొన్న నవంబరులో ఆయన ఆమెను కూడ వెంట తీసుకొని పోయారు. కౌంటరు దగ్గర తాను వెనుక నిలబడి, మాట్లాడే పని ఆమెకే వదిలివేశారు. గుమాస్తా బెంగాలీలో ఏదో అడిగాడు. ఆమె బెంగాలీలోనే సమాధానం చెప్పి, ఎక్కడ సంతకం చేయాలో అడిగి, పని ముగించుకొని, బజారులో కూరలు కొనుక్కొని నడిచి ఇంటికి వచ్చింది. ఇంటికీ బ్యాంకుకూ మధ్య దూరం పన్నెండు నిమిషాలని ఆయన గడియారం చూసుకొని మరీ రాసుకున్నారు.