కొనుగోలుకు ముందు కారణం
సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ కారులోని 2.5 లీటర్ల ఈజే257 టర్బో ఇంజిన్‌ను విప్పినప్పుడు, పిస్టన్‌పై రింగులు కూర్చునే గాడుల నడుమ ఉండే సన్నని అంచు విరిగి కనిపించడం అరుదు కాదు. అయినా పునర్నిర్మాణానికి ప్రణాళిక వేసేవారు చాలామంది ఆ ముక్కను పారవేసి, ఫోర్జ్‌డ్ పిస్టన్, అంటే లోహాన్ని అధిక పీడనంతో అదిమి రూపొందించిన పిస్టన్, బిగిస్తే చాలునని భావిస్తారు. ఆ అంచును తరచుగా విరిచేది డిటొనేషన్, అనగా స్పార్క్ ప్లగ్ రగిల్చిన జ్వాల చేరకముందే మిగిలిన ఇంధన మిశ్రమం తనంతట తాను భగ్గుమనడం. దానికి మూలం ఇంధనం చాలకపోవడంలోనో, ఇగ్నిషన్ సమయాన్ని అతిగా ముందుకు జరపడంలోనో ఉన్నప్పుడు, గట్టి పిస్టన్ ఆ దెబ్బను మరికొంత కాలం ఓర్చుకుంటుందే తప్ప ఆపలేదు. అదేవిధంగా, చెడిన బేరింగుల నుంచి రాలిన లోహపు రజను చిక్కుకున్న పాత ఆయిల్ కూలర్‌నే తిరిగి అమర్చితే కొత్త బేరింగులకూ టర్బోకూ అదే గతి పట్టవచ్చు. కాబట్టి ఎంత హార్స్‌పవర్ కావాలన్న ప్రశ్న కంటే ముందు పాత ఇంజిన్ ఎందుకు చెడిందన్న ప్రశ్నకు సమాధానం రాబట్టాలి. విరిగిన ప్రతి భాగాన్నీ సిలిండర్ సంఖ్య రాసి భద్రపరచి, పరిశీలించాకే విడిభాగాల కొనుగోలుకు పూనుకోవడం వివేకం.