మారెమ్మా నేనే, మరియమ్మా నేనే

నా పేరు మరియమ్మ. మా అవ్వ మారెమ్మ. గుర్రంకొండ కోట కింద సాయిబుల ఇండ్లల్లో ఇదే పేరు మరియంబీ. కుల సర్టిఫికెట్టుకు పోతే ఒక ఆఫీసులో గుమాస్తా కాగితం చదివి, "కిరస్తానీ పేరు గదా, నీకు ఎస్సీ యాడిది?" అన్నాడు. ఊర్లో నీళ్ళు అడిగినప్పుడు ఈ పేరు ఎవురికీ గుర్తుండదు. మాలపల్లె అంటే చాలు, చెంబు దూరం జరుగుతాది.

అయ్యా, పేరు సంగతి చెప్తా వినండి. యూదుల మిర్యాము, గ్రీకుల మరియ, అరబ్బుల మర్యమ్, ఇంగ్లీషోళ్ళ మేరీ అన్నీ ఒకటే పేరు. ఖురానులో పేరు పెట్టి చెప్పిన ఆడమనిషి ఆమె ఒక్కతే. 19వ సూరా ఆమె పేరు మీదనే ఉంది. దాని అర్థం చేదని కొందరు, తిరుగుబాటని కొందరు, ప్రియమైనదని కొందరు పండితులు తగువులాడతారు. నాకు తిరుగుబాటే సరిపోతాది.

మోషే అక్క మిర్యాము, బానిసత్వం దాటిన దినం ఆడోళ్ళను వెంటేసుకుని వాయించి ఆడింది. తెలుగు బైబిలు ఆమె చేతికి తంబుర ఇచ్చింది. హీబ్రూలో ఉండేది 'తోఫ్'. చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టేది, మా పలక లాంటిది. తోలు మోగితే తంతి వినబడే చెవులు ఎవురివి?

ఇంక మారెమ్మ యెరూషలేము నుంచీ రాలేదు, వేదంలోంచీ రాలేదు. పొలిమేర దేవత. తమిళంలో మారి అంటే వాన. మశూచి తల్లి కూడా ఆమే. మశూచి భూమ్మీద లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చాటింది. అంటురోగం పోయింది, అంటరానితనం పోలేదు. మా పల్లె నోట్లో మారెమ్మకూ మరియమ్మకూ ఎంత దూరం? ఒక్క అక్షరం. ఆ అక్షరాన్ని పట్టుకుని మతం తేలుస్తారా?

సరే, నేను చర్చికే పోతాననుకోండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానోళ్ళకు ఎస్సీ లేదని గీత గీసింది. ఆ గీతను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు జరిపినారు. మాకు జరపలేదు. ఆంధ్రలో బీసీ-సీ అని ఒక శాతం చేతిలో పెట్టినారు. 2023లో శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

మతం మారితే కులం పోతాదంటారు. ఆ మాట ముందు ఊరికి చెప్పండి, బావి గట్టున చెప్పండి, శ్మశానంలో చెప్పండి. ఊరు ఒప్పుకున్నాక నా కాగితం మీద చెయ్యి పెట్టండి.