మీట ఎగువన... మడి దిగువన

జూన్ దాటిందంటే నాగాయలంక దారిలో ఏ టీకొట్టు దగ్గర ఆగినా ఒకటే ప్రశ్న. 'కాలువకి నీళ్లెప్పుడొస్తాయంటారు?'

దివిసీమది శివారు ఆయకట్టు. ప్రకాశం బ్యారేజీలో వదిలిన నీరు ఊళ్లన్నీ తడిపి, పులిగడ్డ అక్విడెక్టు దాటి అక్కడికి చేరేసరికి సన్నగిల్లిపోతుంది. ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. ఈలోగా సముద్రం వైపు నుంచి ఉప్పు పైకి పాకుతుంది. బందరు పక్క పల్లెలదీ అదే బెంగ.

గుడివాడ వైపు చెరువుల రైతుకి ఇంకో దిగులు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి. చెరువులో ప్రాణవాయువు తగ్గేదేమో తెల్లవారుజామునే! జనరేటరు వేస్తే డీజిల్ ఖర్చు. ఒకరికి నీళ్లు, ఇంకొకరికి కరెంటు. రెంటికీ ముడి కృష్ణమ్మ దగ్గరే ఉంది.

2021 వేసవి చివర జరిగింది గుర్తుందా? శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతలలో తెలంగాణ జలవిద్యుత్ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎత్తిపోతలకి కరెంటు కావాలన్నది వాళ్ల మాట. సాగునీటి అవసరం రాకముందే నీళ్లు వదలడమేమిటన్నది ఆంధ్రప్రదేశ్ మాట. డ్యాముల దగ్గర రెండు వైపులా పోలీసులు మోహరించారు. టర్బైను తిప్పిన నీరు కిందికి రాక మానదు కదా! మూడు టీఎంసీలు పట్టే బ్యారేజీ ఎంతని ఆపుతుంది? జూలైలో గేట్లెత్తి సముద్రంలోకి వదిలేశారు. బొగ్గు కాల్చకుండా పుట్టిన మంచి కరెంటే అది. దాని అసలు ఖరీదు మాత్రం ఏ బిల్లులోనూ కనబడలేదు. హంసలదీవి దగ్గర ఉప్పునీటిలో కలిసిపోయింది.

మరి కరెంటూ నీళ్లూ రెండూ దక్కే దారి లేదా? ఉంది. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగులుతుంది. దాంతో కింది నీటిని జలాశయంలోకి తిరిగి తోడి, ఇళ్లలో లైట్లు వెలిగే వేళ మళ్లీ వదిలితే ఆ నీరే పదేపదే పనికొస్తుంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడింటిని ఇలా పంపుల్లా వెనక్కి తిప్పొచ్చు. ఆ కేంద్రం తెలంగాణది. తోడాలంటే కింద నీరు నిలవాలి. దాన్ని నిలిపే టెయిల్‌పాండ్ డ్యాం సత్రశాల దగ్గర ఉంది. అది ఆంధ్రప్రదేశ్‌ది. పంపు ఒకరిది, చెరువు మరొకరిది! మాట్లాడుకుంటేనే ఇద్దరికీ లాభం.

డెన్మార్కులో గాలి జోరుగా వీస్తే మిగులు కరెంటు సముద్రం కింది కేబుళ్ల మీదుగా నార్వేకి వెళుతుంది. ఆ పూట నార్వే తన జలాశయాల్లో నీళ్లు దాచుకుంటుంది. గాలి ఆగితే ఆ నీళ్లతో కరెంటు తీసి తిరిగి పంపుతుంది. వాళ్లవి వేర్వేరు దేశాలు. మనం 2014 జూన్ 2 దాకా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లం.

నీటికి కరువొచ్చిన ఏడు కాలువ మీద మన రైతులు వంతులు పెట్టుకుంటారు. ఇవాళ పై ఊరికి, రేపు కింది ఊరికి. తగువులుంటాయి, రాత్రిళ్లు గట్ల మీద కాపలాలుంటాయి. అయినా వంతు నడుస్తుంది. ఎండిపోయే మడి ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి. ఎగువన మీట దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ మడి కనబడదు. అందుకే, రోజూ ఎంత నీరు వదలాలో రాసుకునే కాగితంలో మెగావాట్ల గడి పక్కన ఇంకో గడి ఉండాలి. దివిసీమ నారుమడిది!